చాంగ్కి కొండల నుంచి లండన్ మైదానానికి: డాక్టర్ టి. ఆవో

ఏటా ఈ సంచికలో మన ప్రాంత వీరుల జీవితాలే రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి కాస్త దూరం, ఈశాన్య కొండల దాకా వెళ్దామనుకున్నాం. స్వతంత్ర భారతదేశం ఒలింపిక్స్‌కు పంపిన మొదటి ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ ఒక ఆదివాసీ అని మనలో ఎందరికి తెలుసు? 1928 హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా గారి పేరు మన సభల్లో వినిపిస్తూనే ఉంటుంది. టాలిమెరెన్ ఆవో గారి పేరు మాత్రం వినిపించదు. అది మన లోపమేనని ఒప్పుకుని మొదలుపెడుతున్నాం.

ఆవో గారు 1918 జనవరి 28న నాగా కొండల్లోని చాంగ్కి గ్రామంలో పుట్టారు. అది నేటి నాగాలాండ్‌లో మొకోక్‌చుంగ్ జిల్లా. ఆవో అన్నది ఆయన తెగ పేరు. పన్నెండుమంది పిల్లల్లో నాలుగోవారు. తండ్రి చర్చి పాస్టరు కావడంతో కుటుంబం ఇంపూర్ మిషన్‌కు మారింది. అక్కడి మైదానంలో గుడ్డపీలికలు చుట్టిన బంతితో, ఉత్త కాళ్లతో ఆట నేర్చుకున్నారు. మన ఏజెన్సీ ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ బంతి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

1935లో తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయారు. పోయేముందు కొడుకును డాక్టరై తన ప్రజలకు సేవ చేయమని కోరారు. తర్వాతి జీవితమంతా ఆ మాటకూ ఆటకూ మధ్యనే నడిచింది.

జోర్హాట్‌లో హైస్కూలు, గౌహతిలో కాటన్ కాలేజీ. గౌహతిలో మహారాణా క్లబ్బుకు ఆడుతుంటే పేరొచ్చింది. 1942లో కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు దొరికింది. దాన్నే ఇప్పుడు ఆర్.జి. కర్ అంటున్నారు. మరుసటి ఏడాదే మోహన్ బగాన్ క్లబ్బులో చేరారు. మొదట్లో ముందు వరుసలో గోల్స్ కోసం ఆడిన మనిషి, తర్వాత మధ్యలో నిలబడి ఎదుటివాళ్ల దాడిని ఆపే హాఫ్‌బ్యాక్ అయ్యారు. ఇప్పటి పిల్లలు డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అంటారే, అదే. దాదాపు ఐదడుగుల పది అంగుళాల ఎత్తు. ఆయన్ని దాటి బంతి పోవడం కష్టమై, జనం చైనా గోడ అని పేరు పెట్టారు. క్లబ్బుకు కెప్టెన్ కూడా అయ్యారు. మోహన్ బగాన్ వంటి క్లబ్బులో ఒక కొండప్రాంతపు కుర్రవాడికి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు.

1948 జులైలో లండన్ ఒలింపిక్స్. వెంబ్లీలో ప్రారంభోత్సవం రోజున భారత జెండా పట్టుకుని ముందు నడిచింది ఆవో గారే. ఇక్కడ ఒక్కమాట. అంతకు ఏడాది కిందటే, 1947 ఆగస్టు 14న, ఆయన పుట్టిన కొండల్లో నాగా నేషనల్ కౌన్సిల్ నాగాలు స్వతంత్రులమని ప్రకటించింది. అలాంటి రోజుల్లో ఆ జెండా మోయడం ఎంత బరువో మనం ఊహించుకోవాల్సిందే.

జులై 31న ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో ఆట. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. ఎందుకని పత్రికలవాళ్లు అడిగితే, బూట్లతో ఆడేదానికి వేరే పేరు పెట్టి ఆవో గారు నవ్వించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రాన్స్ మొదట గోల్ వేసింది. 70వ నిమిషంలో రామన్ సమం చేశాడు. మనకు రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోయాయి! 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. ఓడినా ప్రేక్షకుల మెప్పు మనవాళ్లకే దక్కింది. పెనాల్టీల సంగతి తలుచుకుంటే మాత్రం మాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లోని అర్సెనల్ క్లబ్బు ఆయనకు ఒక ఏడాది ఒప్పందం ఇవ్వజూపిందని చెబుతారు. ఆయన ఒప్పుకోలేదు. చదువు ఇంకా మిగిలి ఉంది. 1942లో మొదలైన ఎం.బి.బి.ఎస్. 1950లో గానీ పూర్తికాలేదు.

1952 దాకా ఆడి ఆట మానేశారు. కలకత్తాలో పేరూ పరిచయాలూ ఉన్నాయి, అక్కడే ప్రాక్టీసు పెట్టుకుంటే అడిగేవారెవరు? కానీ 1953లో కోహిమా సివిల్ ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చేశారు. కొద్దికాలానికే ఆ కొండల్లో సాయుధ పోరాటం, సైనిక చర్యలు మొదలయ్యాయి. ఆ కష్టకాలంలో కూడా ఆయన అక్కడి డాక్టరుగానే ఉన్నారు. 1963లో నాగాలాండ్ రాష్ట్రమైంది. తర్వాత ఆయన రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టరు దాకా ఎదిగి 1978లో రిటైరయ్యారు. మన బిడ్డలు డాక్టర్లయి మళ్లీ మన గూడేలవైపు ఎందుకు రావడం లేదని తగువు వచ్చినప్పుడల్లా మాకు గుర్తొచ్చేది లండన్ ఆట కాదు, ఈ కోహిమా ఏళ్లే.

1998 సెప్టెంబరులో, ఎనభై ఏళ్ల వయసులో ఆవో గారు కన్నుమూశారు. శతజయంతి ఏడాది 2018లో తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.