ఫాక్సు దొరగారి సంసారగాథ

బందరు నోబులు కళాశాల పేరు వినని వారు మన దివిసీమలో అరుదు. కృష్ణ దాటి పోయి అందు చదివి వచ్చిన వారు మన యూళ్లలో తరతరములుగా గలరు. ఆ రాబర్టు నోబులుతో కలసి చర్చి మిషనరీ సంఘము పక్షమున వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్సు పేరును పెద్దలెరుగుదురు. కాని ఆయన సంసారగాథ అంతగా తెలిసినది కాదు.

ఫాక్సు 1817లో ఇంగ్లండునందలి డర్హము సీమలో జన్మించెను. రగ్బీ పాఠశాలలో థామసు ఆర్నాల్డు శిష్యుడై, పిదప ఆక్సుఫర్డులో చదివెను. 1841 మార్చిలో భార్యయగు ఎలిజబెతుతో ఓడ యెక్కెను. సూయజు కాలువ లేని దినములవి. ఆఫ్రికా ఖండమును చుట్టి మాసముల తరబడి ప్రయాణము చేయవలసియుండెను. ఆ యేడే బందరులో వారికి కుమారుడు కలిగెను. అతనికి హెన్రీ ఎలియటు అని పేరిడిరి.

నోబులు బ్రహ్మచారి. పాఠశాలయే ఆయనకు సంసారము. 1843లో బడి తెరచి, 1865లో మరణించువరకు ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. ఫాక్సు త్రోవ వేరు. తెలుగు నేర్చి ఊరూరు తిరిగి బోధించుట ఆయన పని. వచ్చిన కొలదికాలమునకే దేహము చెడి నీలగిరులకు పోయి, 1842 అక్టోబరు వరకు అందుండెను. బందరు ఉక్క, జ్వరములు మనకే కష్టము. ఇక సీమనుండి వచ్చిన బాలెంతకు, పసివానికి చెప్పనేల?

1845లో ఎలిజబెతు ఆరోగ్యము క్షీణింపగా స్వదేశమునకు పోవ నిశ్చయించి మద్రాసులో ఓడ యెక్కిరి. ఓడ కదలుటకు కొన్ని గడియల ముందే ఆమె కన్నుమూసెను. తల్లిలేని పిల్లలను ఇంగ్లండు చేర్చిన ఫాక్సు, వారినక్కడ విడిచి మరల ఒంటరిగా బందరు వచ్చెను. హెన్రీకి అప్పటికి అయిదేండ్లు.

ఇది ధర్మమా? మన కండ్లకు కఠినముగనే తోచును. కాని బిడ్డను వెంట నుంచుకొన్నచో రోగభయము, చదువులేమి. విడిచినచో తండ్రి ముఖమే మరచును. ఇతర సంఘములవారు తమ ప్రచారకుల బాలికలకు 1838లోను, బాలురకు 1842లోను లండను సమీపమున పాఠశాలలు నెలకొల్పియుండిరి. ఫాక్సును పంపిన సంఘము మాత్రము పిల్లల గృహమును 1850లో గాని లండనులో ప్రారంభింపలేదు. మనుష్యులను సముద్రము దాటించుటలో చూపిన శ్రద్ధ వారి బిడ్డల విషయమున ఆలస్యముగా కలిగెననుట తప్పుకాదు.

ఇంకొక్క మాట. 1852లో నోబులు శిష్యులిద్దరు క్రైస్తవమతము పుచ్చుకొనగా బందరులో అలజడి రేగి, బడి కొంతకాలము చాలవరకు ఖాళీయయ్యెను. బిడ్డ చేయిజారెనని మన తల్లిదండ్రులు పడిన దుఃఖమును ఫాక్సు బ్రతికియున్నచో అందరికంటె బాగుగా గ్రహించియుండునేమో!

కాని ఆయన అప్పటికి లేడు. దేహము మరల చెడి 1848లో ఇంగ్లండు చేరి, ఆ అక్టోబరు 14న డర్హములో మరణించెను. వయస్సు ముప్పదియొక్క యేండ్లు. తండ్రీకొడుకులు కలసియున్నది కొలది మాసములే. రగ్బీవారు ఆయన స్మృత్యర్థము చందాలు ప్రోగుచేసి, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయ పదవిని ఆయన పేర నెలకొల్పిరి.

ఏడేండ్లకే తల్లిని దండ్రిని కోల్పోయిన హెన్రీ ఎలియటు కేంబ్రిడ్జిలో చదివి మతాచార్యుడై, 1882 నుండి డర్హములోనే ఒక దేవాలయమున పనిచేసెను. 1895లో, తన తండ్రిని బందరుకు పంపిన ఆ సంఘమునకే గౌరవ కార్యదర్శియయ్యెను. 1910 వరకు ఆ పదవిలో నుండెను. ఆనాటికి పిల్లల గృహము లండను విడిచి లింప్సుఫీల్డు అను పల్లెకు మారియుండెను. దూరదేశములకు పోవు తల్లిదండ్రులు తమ బిడ్డలనక్కడ దింపి పోవుచుండిరి. బందరులో పుట్టిన ఆ కార్యదర్శి 1926లో మరణించెను.