రైతుబిడ్డ – రేసు వీరుడు జిమ్ క్లార్క్



మన సావనీరులో ఏటా ఒక ప్రముఖుని జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పని నా నెత్తిన పడింది. పాత సంచికలు తిరగేస్తే ప్రకాశం పంతులుగారు, సి.వి. రామన్, మేడమ్ క్యూరీ అందరూ అయిపోయి ఉన్నారు. ఫిజిక్సు చదివేవాడివి గదా, ఎవరైనా శాస్త్రవేత్త గురించి రాయమన్నారు సంపాదకవర్గం వారు. నేను మాత్రం కార్ల పందాలు నడిపిన ఒక రైతు గురించి రాస్తానని మొండికేశాను. అందుకు కారణం నా సొంతది. సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

జిమ్ క్లార్క్ స్కాట్లాండు దేశస్థుడు. 1936 మార్చి 4న ఫైఫ్ ప్రాంతంలోని కిల్మనీలో, ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క మగపిల్లవాడు. అలాంటివాణ్ణి మన వైపు ఎంత ముద్దు చేస్తారో, ఎంత బరువు నెత్తిన పెడతారో వేరే చెప్పక్కర్లేదు. 1942లో ఆ కుటుంబం ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా, చర్న్‌సైడ్ అనే ఊరి పక్కనున్న ఎడింగ్టన్ మెయిన్స్ కమతానికి మారింది. గొర్రెలు, గొడ్లు, పైర్లు ఉన్న పెద్ద సేద్యం. పదహారేళ్లకే చదువు ఆపించి అతణ్ణి పొలంలో దింపారు. అందుకు క్లార్క్ ఏమీ బాధపడలేదు. పొలం పని అతనికి నిజంగానే ఇష్టం.

చిక్కల్లా బండ్లతో వచ్చింది. పొలం దారుల్లో చిన్ననాడే కారు తోలడం నేర్చినవాడు, కాస్త పెద్దయ్యాక చుట్టుపక్కల జరిగే ర్యాలీల్లో దిగసాగాడు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. 1956 జూన్‌లో ఒక స్నేహితుడి డి.కె.డబ్ల్యు. కారుతో క్రిమండ్ అనే చోట మొదటిసారి అసలైన రేసులో పాల్గొన్నాడు. గెలవలేదు గాని రుచి మరిగాడు.

ఈ క్రిమండ్ యుద్ధకాలపు పాత విమాన స్థావరం. ఆ రోజుల్లో చాలా రేసు ట్రాకులు అలా పుట్టినవే. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ కూడా అంతే. మద్రాసు దగ్గర షోలవరంలో ఏళ్ల తరబడి రేసులు జరిగిందీ పాత విమానాల రన్‌వే మీదే. మన కొరిశపాడు దగ్గర హైవే మీద అత్యవసరానికి విమానాలు దిగే రన్‌వే కట్టి, 2022 డిసెంబరులో వాయుసేన వాళ్లు పరీక్షించిపోయిన తర్వాత మా ఊరి కుర్రాళ్లు బైకులతో అక్కడ చేసే విన్యాసాలు నాకు తెలుసు. వాటి గురించి ఇక్కడ రాస్తే మా నాయన చదువుతాడు. కనుక వదిలేస్తున్నా.

1958 నాటికి క్లార్క్ తమ సరిహద్దు జిల్లాల జట్టు తరఫున జాగ్వార్ కార్లు నడుపుతున్నాడు. ఆ డిసెంబరులో బ్రాండ్స్ హ్యాచ్‌లో లోటస్ ఎలీట్ కారుతో పోటీకి దిగి, ఆ కంపెనీ యజమాని కాలిన్ చాప్‌మన్ వెనకే రెండోవాడుగా వచ్చాడు. చాప్‌మన్ మంచి ఇంజనీరు, మనుషుల్ని పసిగట్టగలవాడు. 1960లో క్లార్క్‌ను లోటస్ జట్టులోకి తీసుకున్నాడు. ఒక్క సీటుండే ఫార్ములా వన్ కారులో అదే ఏడు హాలెండులో తొలి పందెం. చనిపోయేదాకా క్లార్క్ ఫార్ములా వన్‌లో ఆ జట్టు విడిచి పెట్టలేదు.

మిత్రులారా, ఆ రోజుల రేసులు ఈనాడు మనం టీవీలో చూసేటటువంటివి కావు. క్లార్క్ రెండో గ్రాండ్ ప్రి బెల్జియంలో, స్పా అనే చోట. పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు, అంతా మామూలు రోడ్లు, పక్కన చెట్లూ ఇళ్లూ. ఆ ఒక్క పందెంలోనే క్రిస్ బ్రిస్టో, క్లార్క్ సొంత జట్టువాడైన ఆలన్ స్టేసీ ఇద్దరూ మరణించారు. క్లార్క్ అయిదోవాడుగా వచ్చి జీవితంలో మొదటి పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ ఊరంటేనే అతనికి అసహ్యం పుట్టింది. మరుసటి ఏడు ఇటలీలోని మోంజాలో ఫెరారీ నడుపుతున్న వాన్ ట్రిప్స్ కారు, క్లార్క్ కారు రాసుకున్నాయి. ఫెరారీ గట్టు మీదికి ఎగిరింది. వాన్ ట్రిప్స్‌తో పాటు పదిహేనుమంది దాకా ప్రేక్షకులు పోయారు. పాతికేళ్ల కుర్రవాడు దాన్ని ఎలా దిగమింగి మళ్లీ కారెక్కాడో నాకు అర్థం కాదు. పొలానికి తిరిగిపోతే అడిగేవాడు లేడు. అయినా పోలేదు. అది ధైర్యమా, వ్యసనమా అంటే నేను తేల్చలేను.

ఇక్కడ కాస్త ఫిజిక్సు చెప్పకపోతే మా మాస్టార్లు ఊరుకోరు. అంతకుముందు రేసు కార్లకు ఉక్కు గొట్టాలతో అస్థిపంజరం అతికి, దాని మీద రేకు తొడిగేవారు, గుంజలు పాతి తాటాకు కప్పినట్టు. 1962లో చాప్‌మన్ లోటస్ 25 తెచ్చాడు. దాంట్లో గుంజలు లేవు. అల్యూమినియం రేకుతో చేసిన తొట్టే కారుకు బలం. ఎండు సొరకాయ బుర్ర లోపల ఏ ఆధారం లేకుండా గట్టిగా ఉండదూ, అలాగన్నమాట. బరువు తగ్గింది, మెలితిరగడం బాగా తగ్గింది. డ్రైవరు దాదాపు వెల్లకిలా పడుకుని నడపాలి. ఆ కారుతో క్లార్క్ మొదటి గ్రాండ్ ప్రి గెలిచాడు. ఎక్కడనుకున్నారు? స్పాలో! అక్కడే వరసగా నాలుగేళ్లు గెలిచాడు.

వాటిలో 1963 నాటిది మరీ వింత. ఎనిమిదో స్థానం నుంచి బయల్దేరి మొదటి చుట్టులోనే ముందుకొచ్చాడు. గేరు జారిపోతుంటే ఒక చేత్తో రాడ్డు అదిమిపట్టి, రెండో చేత్తో స్టీరింగు తిప్పాడు. తర్వాత కుండపోత వాన. చివరికి రెండోవాడి కన్నా దాదాపు అయిదు నిమిషాల ముందు గీత దాటాడు. అతనితో పనిచేసిన మెకానిక్కులు గమనించిందేమంటే, మిగతావాళ్ల కన్నా అతని కారుకు బ్రేకులు, టైర్లు ఎక్కువ కాలం మన్నేవి. మా వైపు తిరునాళ్లలో ఒంగోలు ఎడ్లతో బండ లాగించేవాళ్లలో చర్నాకోల ఎత్తకుండానే జత చేత పని చేయించేవాడొకడు ఉంటాడు. ఆ రకం మనిషి క్లార్క్.

1962లో చిట్టచివరి పందెంలో, ముందుండగా నూనె కారి ప్రపంచ కిరీటం గ్రహమ్ హిల్‌కు పోయింది. 1963లో పదింట ఏడు గెలిచి విశ్వవిజేత అయ్యాడు. 1964లో మెక్సికోలో మళ్లీ ఆఖరి చుట్లలో నూనే కొంప ముంచింది. 1965లో ఆరు గెలిచి రెండోసారి విశ్వవిజేత. అదే ఏడు అమెరికా వెళ్లి ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో 200 చుట్లకు 190 చుట్లు తానే ముందుండి గెలిచాడు. ఒకే ఏడాదిలో ఈ రెండూ సాధించినవాడు ఇంతవరకూ మరొకడు లేడు.

1967లో లోటస్ 49 వచ్చింది. దాని ఇంజను మూడు లీటర్లది. మా ఇంటి ట్రాక్టరు ఇంజనూ ఇంచుమించు అంతే సైజు! మాది నలభై అయిదు గుర్రాలు, దానిది నాలుగు వందల పైచిలుకు. మాది నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే అది తొమ్మిది వేలు తిరుగుతుంది. ఆ కారుతో మోంజాలో టైరు పాడై ఒక పూర్తి చుట్టు వెనకబడి, దాన్ని పూడ్చుకుని అందర్నీ దాటి, చివరి చుట్టులో పెట్రోలు అందక మూడోవాడుగా వచ్చాడు. గెలిచినవాటికన్నా ఈ ఓడిన పందెమే నాకెక్కువ ఇష్టం.

ఇంత చేసిన మనిషి కారు దిగితే సిగ్గరి. గోళ్లు కొరుక్కునేవాడు. ఎక్కడ భోంచెయ్యాలో, ఏ సినిమాకు పోవాలో తేల్చుకోలేక తికమకపడేవాడట. పేరూ డబ్బూ పెరిగాక పన్నుల లెక్కల వల్ల చివరి ఏడాది స్వదేశం వదిలి ఉండవలసివచ్చింది. సొంత పొలానికి చుట్టంలా కూడా పోలేని స్థితి.

1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలో తన 25వ గ్రాండ్ ప్రి గెలిచి, ఫాంజియో పేరిట ఉన్న 24 విజయాల రికార్డు దాటాడు. ఆడినవి 72 మాత్రమే. ఏప్రిల్ 7న జర్మనీలోని హోకెన్‌హైమ్‌లో చిన్నస్థాయి ఫార్ములా టూ పందెం. అయిదో చుట్టులో కారు అదుపు తప్పి చెట్లను ఢీకొంది. వెనక టైరులో గాలి పోయి ఉంటుందని భావించారు. అడ్డుగా కంచె గాని గోడ గాని లేదు. వయసు 32. పెళ్లి కాలేదు. అంత నేర్పరికే ఇలా జరిగితే తమ గతేమిటని తోటి డ్రైవర్లు బెంబేలెత్తిపోయారు.

మన పత్తి కొనే కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో ఎస్. కరివర్ధన్ అనే ఆయన పుట్టాడు. మారుతి ఇంజనుతో ఒక్క సీటు రేసు కార్లు తయారుచేసి, కుర్రాళ్లకు దారి చూపినవాడు. 1995లో చిన్న విమానం కూలి పోయాడు. అక్కడి ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఆయన గురించి ఎవరైనా వచ్చే ఏడు రాస్తే బాగుంటుంది.

ఇక నా కారణం. నేనూ ఇద్దరక్కల తర్వాత పుట్టినవాణ్ణే. కాలేజీలో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట, పక్కవాళ్లు రాసేవి చూసి, వ్యాపారం అని రాశాను. నాయన తర్వాత అది చూశాడు. ఏమీ అనలేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిరప పూత మొత్తం మాడిపోయినప్పుడు, ఈ సేద్యం నీకొద్దురా అని అన్న మనిషే ఆయన. అయినా ఆ కాగితం చూసి ముఖం తిప్పుకున్నాడు.

చర్న్‌సైడ్ శ్మశానంలో క్లార్క్ సమాధి రాయి ఫొటో ఒకటి ఫోనులో చూశాను. రెండుసార్లు ప్రపంచ విజేత, ఇండియానాపొలిస్ విజేత అన్నవి కింద ఉన్నాయి. పేరు తర్వాత మొదట చెక్కింది రైతు, ఎడింగ్టన్ మెయిన్స్ అని.

పరీక్ష ఫీజు ఫారంలో మళ్లీ అదే గడి ఉంది. ఇంకా నింపలేదు. శనివారం మిరప కోతకు ఇంటికి పోతున్నా, ఫారం సంచీలో పెట్టుకున్నాను.