కర్నల్ సి. కె. నాయుడుగారు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల బాలురు బంతిని హద్దు దాటించి కేరింతలు కొట్టుట మనము నిత్యము చూచుచున్నదే. ఆ ఉత్సాహమును భారతదేశమున కెల్ల రుచి చూపిన ధీరుడు మన తెలుగువాడు, కొఠారి కనకయ్య నాయుడు.

ఆయన 1895 అక్టోబరు 31న నాగపురమున జన్మించిరి. 1923లో హోల్కారు మహారాజు ఆదరమున ఇండోరు చేరిరి. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11! నెమ్మదిగా పరుగులు కూడబెట్టుటయే నేర్పని యెంచు కాలమున అది పెనుసాహసము.

భారత జట్టు 1932 జూన్‌లో లార్డ్స్ మైదానమున తొలి టెస్టు ఆడునప్పుడు నాయకు డాయనయే. అప్పటికే ఆయనకు 36 ఏండ్లు. చేతికి గాయమైనను తొలి ఇన్నింగ్సులో జట్టున కెల్ల మిన్నగా 40 పరుగులు చేసిరి. మొత్తము ఆడిన టెస్టులు 7, చేసిన పరుగులు 350. ఆ అంకెలతో ఆయనను తూచరాదు. ఆలస్యమైనది అవకాశమే కాని ప్రతిభ కాదు.

ఆంధ్ర రాష్ట్ర మేర్పడిన 1953వ సంవత్సరపు రంజీ పోటీలలో, వృద్ధాప్యమున సైతము, ఆయన మన జట్టుకు నాయకత్వము వహించిరి. 1956లో పద్మభూషణ్ బిరుదు నందిరి. 1967 నవంబరు 14న ఇండోరున పరమపదించిరి.

నేటి ఇరువది ఓవర్ల ఆటలో సిక్సరు సామాన్యమైనది. ఆట ఆయనను చేరుకొనుటకు ఎనిమిది దశాబ్దములు పట్టినది. మన పల్లెలోని ప్రతిభ అంతకాలము వేచియుండకుండ చూచుటయే ఆ మహనీయునకు మన మీయదగిన నివాళి.