ఎంత అన్నది సరే, ఎప్పుడు అన్నదే అసలు లెక్క

మా మేనల్లుడు పట్నంల ఒక దవాఖానల మత్తు డాక్టరమ్మ దగ్గర టెక్నీషియన్‌గ పనిజేస్తడు. మొన్న పండుగకు వచ్చినప్పుడు అరుగు మీద కూసోని ఒక ముచ్చట జెప్పిండు. పెద్ద ఆపరేషన్ అంటే పేషెంటుకు మత్తిచ్చి, నోట్లకెళ్లి గాలిగొట్టం లోపలికి ట్యూబు ఏస్తరు. దానికంటె ముందుగాల ఫెంటానిల్ సూది ఇస్తరు. అయితే సూది ఇచ్చినంక డాక్టరమ్మ ఎంబడే ట్యూబు ఎయ్యదంట. గడియారం దిక్కు సూసుకుంట మూడు నాలుగు నిమిషాలు ఆగుతదంట.

ఎందుకు ఆగుడు అని అడిగిన. గొంతుల ట్యూబు వోతుంటె మనిషికి సోయి లేకున్నా ఒంటికి తెలుస్తదంట. గుండె దడదడ కొట్టుకుంటది, బీపీ ఒక్కసారి ఎగుస్తది. గుండె జబ్బు ఉన్నోళ్లకు, మెదడుల నరం ఉబ్బినోళ్లకు అది పానం మీదికొస్తది. దాన్ని ఆపేటందుకే ఈ మందు. కని ఫెంటానిల్ నరంలకు ఎక్కినంక దాని బలం నిండుగ వచ్చేటందుకు మూడు నుంచి ఐదు నిమిషాలు పడ్తది. తొందరపడి ట్యూబు ఏస్తె మందు ఇచ్చి గూడ ఇయ్యనట్టే. పైంగ ట్యూబు ఏసుడు అయిపోయినంక, ఒంటికి ఏ నొప్పీ లేని టైముల మందు బలం వచ్చి బీపీ కిందికి పడ్తది. మరీ ముందుగాల ఇస్తే శ్వాస మందగిస్తది. ఆల్ఫెంటానిల్‌కైతె నిమిషంనర చాలు. అదే మార్ఫిన్‌కైతె నరంలకు ఇచ్చినా దాదాపు 20 నిమిషాలు కావాలె. మందు మందుకు ఒక గడియ ఉన్నది.

ఈ లెక్క మొదలు ఎవలు నేర్సుకున్నరో అని ఎతుక్కుంట పోతె నాకు జర్మనీల ఒక మందుల దుకాణం పోరడు దొరికిండు. పేరు ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్. 1783 జూన్ 19 నాడు పాడర్‌బోర్న్ దగ్గర నాయ్‌హౌస్ల పుట్టిండు. తండ్రి సిన్నప్పుడే సచ్చిపోయిండు. యూనివర్సిటీ మెట్లు ఎక్కలే. పదహారేండ్లకే పాడర్‌బోర్న్‌ల ఒక మందుల దుకాణంల పని నేర్సుకునేటందుకు చేరిండు. నేను గూడ దొరికిన పుస్తకం సదువుకుంట నేర్సుకున్నోన్నే. గందుకే ఈ మనిషి మీద నాకు జర పావురం ఎక్కువ.

అప్పట్ల నొప్పికి నల్లమందే దిక్కు. మనం కూరల ఏసుకునే గసగసాలు ఏ చెట్టువో, ఆ చెట్టు కాయను గీరితె వచ్చే పాలే నల్లమందు. కని ఒక ముద్దల బలం ఎక్కువ, ఇంకో ముద్దల తక్కువ. డాక్టరు అదే కొలత ఇస్తే ఒకలకు నొప్పి తగ్గకపాయె, ఇంకొకలు నిద్రలనే పోవుడాయె. మందు లోపల అసలు పనిజేసేదేందో పట్టుకుంటె తప్ప కొలత కుదరదని ఈ పోరడు అనుకున్నడు. 1804, 1805 ఆ నడుమ, ఇరవై రెండేండ్లు నిండకముందే, నల్లమందును నీళ్లల్ల నానవెట్టి, అమ్మోనియా కలిపి తెల్లటి పలుకులు తీసిండు. కుక్కలకు పెట్టి సూసిండు, అవి మత్తుల వడ్డయి. చెట్ల మందులల్ల పనిజేసేది ఆమ్లమే అని అప్పటి పెద్దల నమ్మకం. ఇది క్షారమని ఈయన జెప్పిండు. పత్రికల రాసినా ఎవలూ పెద్దగ పట్టించుకోలే. దుకాణంల గుమస్తా మాట ఎవలు ఇంటరు?

కొన్నేండ్లకు ఐన్‌బెక్‌ల సొంత దుకాణం వెట్టుకున్నంక మళ్ల దాని ఎంబడి పడ్డడు. ఈసారి మనుషుల మీద. తను, పదిహేడేండ్లు దాటని ముగ్గురు పోరగాండ్లు. అందరు తలా అర గ్రెయిన్, అంటే 30 మిల్లీగ్రాముల లెక్క మింగిండ్రు. మొకం ఎర్రవడ్డది. అర్ధగంటకు ఇంకో అర గ్రెయిన్. తల తిరిగింది, కడుపుల వికారం. అది తగ్గకముందే పావుగంటకు మూడోది. ముప్పావు గంటల తలా 90 మిల్లీగ్రాములు! కడుపుల నొప్పి, నీరసం, స్పృహ తప్పుతున్నట్టు. ఆఖరికి అందరు సిర్కా, గదే వెనిగర్ తాగి కక్కుకున్నంక బతికి బయటపడ్డరు.

తప్పు ఏడ జరిగింది? మొదటి మోతాదు ఇంకా పూర్తిగ పనిజెయ్యకముందే రెండోది, దాని మీద మూడోది. కడుపులకెళ్లి పోయే మార్ఫిన్‌కు గంట దాకా గూడ పడ్తది. ఆగుడు అనే లెక్క ఆయనకు అప్పటికి తెల్వదు, ఒంటి మీద పడ్డంకనే తెలిసింది. ఆ ముగ్గురు పోరగాండ్ల పేర్లు నేను సదివిన ఏ పుస్తకంల దొరకలే. ఆయన మీద ఎంత పావురం ఉన్నా గీ మాట దాసిపెట్టను. ఇయ్యాల గట్ల చేస్తే జైలే.

ఆ కథంత 1817ల అచ్చేయించిండు. గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు మీద మార్ఫియం అని పేరు వెట్టిండు. ఫ్రాన్స్‌ల గే-లుసాక్ అనే పెద్ద శాస్త్రవేత్త అది సూసి ఫ్రెంచిల అచ్చేయిస్తె అప్పుడు లోకం కండ్లు తెరిసింది. అదే ఏడు యేనా యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన సూపిన బాటల్నే 1820ల మలేరియా మందు క్వినైన్ దొరికింది. 1827ల మెర్క్ కంపెనీ మార్ఫిన్ అమ్ముడు షురు జేసింది. 1831ల ఫ్రాన్స్ వాళ్లు 2,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చిండ్రు. ఆయన మాత్రం హామెల్న్ ఊర్ల దుకాణం నడుపుకుంటనే కీళ్లవాతంతోని గోసవడి, 1841 ఫిబ్రవరి 20 నాడు పోయిండు. 57 ఏండ్లు.

తమ్ముళ్లూ, సెల్లెండ్లూ, ఈ కథ ఇప్పుడెందుకు అంటరా? మన ఊర్లల్ల గోలీ ఏసుకున్న అర్ధగంటకే నొప్పి తగ్గలేదని ఇంకోటి మింగుతం. సెర్ట్యూర్నర్ జేసిన తప్పే మనం రోజూ చేస్తున్నం. అమెరికాల ఫెంటానిల్‌నే దొంగ గోలీలల్ల కలిపి అమ్మితె, శ్వాస ఆగి వేలమంది పోతున్నరు. డాక్టరమ్మ చేతుల పానం నిలవెట్టే మందు, కొలత, గడియ తెల్వనోని చేతుల పానం తీస్తది.

ఇంకో మాట. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లల్ల సర్కారు లైసెన్సుతోని గసగసాల పంట పండుతది. 1985ల వచ్చిన మత్తుమందుల చట్టానికి భయపడి దవాఖానలు మార్ఫిన్ పెట్టుడే బంద్ జేసినయి. 2014ల చట్టం సవరించిండ్రు. అయినా ఊర్లల్ల క్యాన్సర్‌తోని మూలిగే ముసలోళ్లకు ఆ మందు అందుతలేదు. నొప్పి తగ్గించుకునుడు హక్కు. మీ మండలంల పెద్ద దవాఖానకు వోయి మార్ఫిన్ ఉన్నదా అని అడుగుండ్రి. లేకుంటె ఎందుకు లేదో రాతపూర్వకంగ అడుగుండ్రి. మందు కనిపెట్టి రెండు వందల ఏండ్లు దాటింది. మన ముసలోళ్లు ఇంకెన్ని గడియలు ఆగాలె?