ఆరియోమైసిన్‌ వెనుక యల్లాప్రగడ

మచిలీపట్నం: న్యుమోనియా కారకమైన న్యుమోకాకస్‌ క్రిమిపై ఆరియోమైసిన్‌ను వైద్యలోకానికి అందించిన పరిశోధనకు సారథి డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. ఆ తాలూకా 1904 నుంచి 1925 వరకు బందరు కేంద్రంగా గల కృష్ణా జిల్లాలోనిదే; ఆయనను పాత కృష్ణా వారిగా చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

స్ప్రూ వ్యాధి అన్నను బలిగొన్నది. మద్రాసులో వైద్యవిద్య ముగించిన సుబ్బారావు 1920 దశకారంభంలో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి శ్రమించినా శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. స్ప్రూ చికిత్సకు ఉపకరించిన ఫోలిక్‌ ఆమ్లం అక్కడే తయారైంది. ఆయన నేతృత్వంలోనే బెంజమిన్‌ డుగ్గర్‌ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్‌ మందుల్లో మొదటిది అదే. 1948లో మందు లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53వ ఏట గుండెపోటుతో మరణించారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

పదిహేనేళ్లు గడిచేసరికి, 1963లో, టెట్రాసైక్లిన్‌కు లొంగని న్యుమోకాకస్‌ ఆస్ట్రేలియాలో బయటపడింది. క్రిమిలో మాంసకృత్తుల తయారీని అడ్డుకోవడం ఈ మందు పని. ఆ తయారీ కేంద్రాన్ని మందు బారి నుంచి కాపాడే జన్యువు ఒక క్రిమి నుంచి మరొక క్రిమికి సంక్రమిస్తుంది.