ముప్పై రూపాయల గుమాస్తా, నామగిరి అమ్మవారి బిడ్డ

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి "రేపు మళ్లీ ఆఫీసా" అని గుండె బరువెక్కుతుందా? అయితే ఈ రోజు శ్రీనివాస రామానుజన్ గారి గురించి చెప్పుకుందాం. లెక్కల మేధావిగా ఆయన మనందరికీ తెలుసు. నేను చెప్పబోయేది మాత్రం ఆయన చేసిన గుమాస్తా ఉద్యోగం గురించి.

1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. నాన్నగారు చీరల కొట్టులో గుమాస్తా, అమ్మ కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. నామక్కల్ నామగిరి అమ్మవారు వాళ్ల ఇలవేల్పు. పిల్లల్లేక ఆ తల్లికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ అని ఇంట్లో అందరి నమ్మకం.

కాలేజీలో లెక్కలు తప్ప ఇంకేదీ ఎక్కలేదు. స్కాలర్‌షిప్ పోయింది. మద్రాసు వెళ్లి పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పాసవ్వలేదు. 1909లో జానకి గారితో పెళ్లయింది. చేతిలో డిగ్రీ లేదు, జాబ్ లేదు, ఉన్నవల్లా నోటుబుక్కులు.

ఆ నోటుబుక్కులు చూసి ఆదుకున్నది ఎవరనుకున్నారు? అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారు. హాయిగా లెక్కలు చేసుకోమని నెలకు 25 రూపాయలు పంపేవారు. ఇష్టమైన పని చేసుకుంటూ కూర్చుంటే డబ్బు రావడం, మనలో చాలామంది కల అదే కదా! కానీ ఒకరి మీద ఆధారపడి బతకడం రామానుజన్‌కి ఎక్కువ కాలం రుచించలేదు. 1912 మార్చి 1న మద్రాస్ పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్ సెక్షన్‌లో చేరిపోయారు. జీతం 30 రూపాయలు.

అంటే ఊరికే వచ్చేదానికన్నా ఐదు రూపాయలే ఎక్కువ. దానికోసం రోజంతా సీట్లో కూర్చోవాలి. ఆయన వేసిన లెక్కలన్నిటిలో నాకు అర్థమైంది ఈ ఒక్కటే!

ఆఫీసు పని ఆయనకి కష్టం కాలేదు. త్వరగా ముగించేసి, ప్యాకింగ్ కాగితాల మీద సొంత లెక్కలు వేసుకునేవారు. అదృష్టం ఏంటంటే పైఅధికారి నారాయణ అయ్యర్ గారు కూడా లెక్కల మనిషే. కోప్పడకపోగా, రాత్రిళ్లు ఇద్దరూ చెరో పలక పట్టుకుని కూర్చునేవారు. రామానుజన్ రెండు మెట్లలో దూకేసిన చోట, అయ్యర్ గారు పది మెట్లు రాసి చూపించమని పట్టుబట్టేవారు. తమకన్నా తెలివైన ఉద్యోగిని చూసి అసూయపడని మేనేజర్! ఇంటికొస్తే జానకి గారు, అమ్మ. పనిలో మునిగిపోతే అన్నం ముద్దలు చేసి చేతికి అందించేవారు. లెక్కలు అమ్మవారి దయ అని నమ్మిన మనిషికి రోజూ అదే పూజ.

1913 జనవరిలో ఇంగ్లండ్‌లోని హార్డీ గారికి ఉత్తరం రాసిందీ ఈ గుమాస్తాగానే. మరుసటి ఏడాది మార్చిలో ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జ్‌లో కోరుకున్న పనే, రోజంతా. 1918లో రాయల్ సొసైటీ ఫెలో కూడా అయ్యారు. కానీ అక్కడ చలి, యుద్ధం. శాకాహారం తనే వండుకోవాలి, రాత్రంతా పనిచేసి వంట సంగతే మర్చిపోయేవారు. ముద్ద అందించే చెయ్యి లేదు. 1917 నుంచి ఆస్పత్రులే. ఇష్టమైన పని దొరికితే చాలు అనేవాళ్లతో నేను పూర్తిగా ఒప్పుకోలేనిది ఇక్కడే.

1919లో తిరిగొచ్చారు, బాగా చిక్కిపోయి. మంచం మీదే పలక, కాగితాలు. జానకి గారు దగ్గరుండి చూసుకున్నారు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు. అంతకు మూడు నెలల ముందు కూడా, కొత్తగా కనిపెట్టిన లెక్కల గురించి హార్డీకి ఉత్తరం రాశారు.