చంద్రుణ్ణీ సముద్రాన్నీ గమనించిన అల్లామా అల్ బిరూనీ

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు రొయ్యల చెరువులున్న ఇళ్లలో అమావాస్య, పౌర్ణమి తేదీలు అందరికీ గుర్తుంటాయి. ఆ రోజుల్లో రొయ్యలు ఎక్కువగా మోల్టింగ్‌కు వస్తాయని, అంటే పాత పెంకు వదిలేస్తాయని రైతుల అనుభవం. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య మెత్తగా ఉంటుంది, మేత ముట్టదు, తోటి రొయ్యలకే ఆహారమవుతుంది. ఆకాశంలోని చంద్రుడికీ చెరువులోని రొయ్యకూ ఏమిటి సంబంధమని పిల్లలు అడిగినప్పుడల్లా మాకు అల్లామా అబూ రైహాన్ అల్ బిరూనీ గుర్తొస్తారు.

ఆయన 973లో, హిజ్రీ 362లో, ఖ్వారజమ్‌లోని కాథ్ పట్టణంలో పుట్టారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అబూ నస్ర్ మన్సూర్ వద్ద గణితం నేర్చారు. 997లో ఒకే చంద్రగ్రహణాన్ని కాథ్ నుంచి ఆయన, బాగ్దాద్ నుంచి అబుల్ వఫా చూసి, రెండు ఊళ్ల కాలభేదాన్ని లెక్కగట్టారు. ఉత్తరాలు చేరడానికే నెలలు పట్టే రోజులవి!

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారజమ్‌ను జయించి, అక్కడి పండితులతో పాటు ఆయననూ గజనీకి తీసుకుపోయాడు. అతిథిగానా, బందీగానా అన్నది చరిత్రకారుల వాదం. మాకైతే బందీ అన్న మాటే సరి అనిపిస్తుంది. అయినా ఆయన సంస్కృతం నేర్చారు, ఇక్కడి పండితుల దగ్గర కూర్చున్నారు. 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ పూర్తిచేశారు. మహమూద్ దాడులు ఈ దేశపు సిరిసంపదలను పాడుచేశాయని అందులో దాచకుండా రాశారు.

ఆ గ్రంథంలో ఆటుపోట్ల మీద ఒక అధ్యాయం ఉంది. సముద్రంలోని బడబాగ్ని ఊపిరి తీసి వదలడం వల్ల నీరు పొంగి తీస్తుందని సామాన్యులు నమ్మేవారట. పండితులేమో రోజువారీ పోటును చంద్రుని ఉదయాస్తమయాలతో, నెలవారీ మార్పును చంద్రకళలతో లెక్కించేవారు. వేళ వారికి తెలుసు, కారణం మాత్రం తెలియదని బిరూనీ తేల్చారు. ఈ రెంటినీ ఆయన కలగాపులగం చేయలేదు. కారణం 1687లో న్యూటన్ గ్రంథంతో గానీ వెల్లడి కాలేదు.

కొల్లేటి నీటిని బంగాళాఖాతానికి చేర్చే ఉప్పుటేరులోకి ఆ పోటే ఎదురెక్కుతుంది. అమావాస్య, పౌర్ణములకు సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పోటు పెరుగుతుంది. ఒడ్డున పట్టిన పీతలను పోటు లేని తొట్టెలో ఉంచినా, కొన్నాళ్లపాటు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి చురుగ్గా కదులుతాయని శాస్త్రజ్ఞులు చూశారు. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. అయితే అంత చిన్న ప్రాణిపై చంద్రుని ఆకర్షణ లెక్కలోకి రానంత స్వల్పం. నీటి ఒత్తిడి, అలల కదలిక, వెన్నెల ఆ గడియారాన్ని సరిచేస్తాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పోటు తగలని మెరక చెరువులో రొయ్య పెంకు వదలడానికి మేత, ఖనిజాలు, నీటి వేడిమి కూడా కారణాలే. చెక్ ట్రే చూడకుండా క్యాలెండర్ చూసి మేత వేసే రైతు, వేళ తెలిస్తే కారణమూ తెలిసినట్టే అనుకుంటున్నాడన్నమాట.

బిరూనీ 1050 ప్రాంతంలో గజనీలోనే కన్నుమూశారు. చివరి ఘడియల్లో పరామర్శకు వచ్చిన ఒక ఫఖీహ్‌ను ఆయన వారసత్వపు లెక్క ఒకటి అడిగి తెలుసుకున్నారని, ఆ ఫఖీహ్ వీధిలోకి వచ్చేసరికే ఇంట్లోంచి ఏడుపు వినిపించిందని యాఖూత్ రాశారు.